నాగరత్న రాని శనివారం

తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒట్లు వేయడం నాకు మంచినీళ్ళు తాగినంత తేలికని నన్నెరిగినవాళ్ళు అంటారు. వాళ్ళ కోసం ఇంకోసారి వేస్తున్నాను. నిజం.

దెయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. మా వాడలో దెయ్యం కథలు చెప్పి జనాన్ని భయపెట్టింది నేనే కాబట్టి, వాటిని ఎలా తయారుచేస్తారో నాకు బాగా తెలుసు. ఇది నేను తయారుచేసింది కాదు.

అది రెండు వేల నాలుగు. బెంగుళూరు మహదేవపురలో, రింగు రోడ్డు పక్కన ఒక టైల్సు కొట్టు మీద, రెండో అంతస్తులో ఒక శిక్షణ కేంద్రం ఉండేది. కంప్యూటర్లలోకి దొంగలు ఎలా దూరతారో, వాళ్ళకంటే ముందు మనమే దూరి చూసి, ఆ కంతల సంగతి యజమానికి ఎలా చెప్పాలో అక్కడ నేర్పేవాళ్ళు. పెనెట్రేషన్ టెస్టింగ్ అంటారు. గుంటూరులో బీఎస్సీ పాసై వచ్చిన నాకు ఆ పేరు తడబడకుండా పలకడానికే వారం పట్టింది.

పాఠాలు తక్కువ, చేతిపని ఎక్కువ. గదిలో తొమ్మిది కంప్యూటర్లు. ఎనిమిది మా ఎనిమిదిమందివి, నంబర్లు వేసి ఉండేవి. మూలనున్న తొమ్మిదోది మేం బద్దలు కొట్టాల్సింది. దాన్ని ఉట్టి అనేవాళ్ళం. మా మొయినుద్దీన్ సార్‌ది కర్నూలు. రోజూ పొద్దున పదింటికి ఆయన ఉట్టిని మొత్తం తుడిచేసి, సీడీ పెట్టి మళ్ళీ కొత్తగా ఎక్కించేవారు. కావాలనే రెండు మూడు కంతలు వదిలేవారు. లోపలికి పోయినవాళ్ళు అక్కడ తమ పేరుతో చిన్న ఫైలు పెట్టి రావాలి. అదే సాక్ష్యం.

ఆ తొమ్మిదింటికీ బయటి ప్రపంచంతో లంకె లేదు. మెయిలు చూసుకోవాలన్నా మేం కిందికి దిగి, వీధి చివర బ్రౌజింగ్ సెంటరుకు పోవాల్సిందే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంకో నియమం ఉండేది. ఉట్టి మీద చెయ్యి వేసేముందు, సార్ బల్ల మీద ఆ రోజు అనుమతి కాగితం ఉంటుంది, దాని మీద సంతకం పెట్టాలి. "సంతకం లేకుండా ఊరికే తట్టి చూసినా అది దొంగతనమేనయ్యా," అనేవారు సార్.

ఏడో కంప్యూటరు నాగరత్నది.

వాళ్ళది చిక్కపేటలో మూడు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. తండ్రి ఒక టోకు చీరల కొట్లో మడతలు వేసే పని చేసేవాడు. ఆమె చదువంతా కన్నడంలో, సంతకం కన్నడంలో, మాతో మాటలు తెలుగులో. రెండు బస్సులు మారి వచ్చేది. రెండు వేళ్ళతో టైపు కొట్టేది. ఆ రెండు వేళ్ళతోనే నా పది వేళ్ళకంటే ముందు ఉట్టి కొట్టేది.

"ఏమప్పా, ఇంగా తలుపులు లెక్కబెడతానే ఉండావా? నేను పోయి, చూసి, వచ్చేస్తిని," అనేది. అందులో వెటకారం కూడా ఉండేది కాదు. అదే నాకు మంట.

సార్ ఎవరినైనా "భేష్" అన్నప్పుడల్లా నోటుబుక్కు చివరి పేజీలో గీత పెట్టేవాణ్ణి. ఆమెవి ముప్పై ఒకటి. నావి నాలుగు, అందులో ఒకటి ఫ్యాను బాగుచేసినందుకు. ఆమె తెచ్చే చిత్రాన్నం బాగుందని అందరూ అంటే ఉప్పెక్కువైందనేవాణ్ణి, మారు పెట్టించుకుంటూ. ఒకరోజు ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఏడో కంప్యూటరు కేబులుకున్న క్లిప్పు విరిచేశాను. ఇక అది మాటిమాటికీ ఊడిపోవాలి. ఆమె సంచీలోంచి చీరల మూట కట్టే పురికొస ముక్క తీసి, కేబులును బిగించి కట్టుకుని పని చేసుకుపోయింది. ఎవరు విరిచారని కూడా అడగలేదు.

ఆమెకో అలవాటుండేది. ఏ కంతలోంచి లోపలికి పోయిందో, బయటికొచ్చే ముందు దాన్ని పూడ్చేసేది. ఫైల్లో తన పేరు కింద "తలుపు వేసి పోతుండా" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. సార్ కోప్పడేవారు.

"కంత ఉందని చెప్పడమే మన పనమ్మా. పూడిస్తే మిగతావాళ్ళు ఎక్కడ నేర్చుకోవాల?"

"తెరిచిన తలుపు అట్లనే ఇడిసి ఎట్ల పోయేది సార్," అనేది ఆమె.

చదువు పూర్తికావస్తుండగా, బొమ్మసంద్రలోని ఒక ఫ్యాక్టరీ తమ కంప్యూటర్లు చూసుకోవడానికి మనిషి కావాలని సార్‌ని అడిగింది. ఒకే ఒక్క మనిషి. శనివారం పరీక్ష పెడతాననీ, ఉట్టిలో ఎవరి ఫైలు ముందుంటే వాళ్ళ పేరు పంపుతాననీ చెప్పారు సార్. నేను అప్పటికే ఆ ఉద్యోగం వచ్చేసిందని ఇంటికి ఉత్తరం రాసేశాను. క్యాంటీన్లో భోజనం ఎలా ఉంటుందో కూడా వర్ణించాను. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు.

శనివారం పొద్దున సార్‌కు ఫోనొచ్చింది. నాగరత్న తండ్రి కొట్లో అటక మీంచి చీరల మూటతో సహా కిందపడ్డాడు. నడుం దెబ్బతింది. ఆసుపత్రిలో ఉన్నాం, రాలేనని ఆమె చెప్పింది. ఫ్యాక్టరీ మనిషి మధ్యాహ్నమే వస్తున్నాడు, పరీక్ష ఆపడానికి లేదన్నారు సార్, బాధగా. నేనూ బాధగా మొహం పెట్టాను. లోపల పండగ.

సార్ ఏడో కంప్యూటరు ప్లగ్గు గోడలోంచి పీకి, వైరు చుట్టి మానిటరు మీద పెట్టారు. మా ఏడుగురి కళ్ళముందే ఉట్టిని తుడిచి కొత్తగా ఎక్కించారు. అనుమతి కాగితం అప్పుడే ప్రింటు తీశారు, ఇంకా వెచ్చగా ఉంది. ఏడుగురం సంతకాలు పెట్టాం. అందరికంటే చివర పెట్టింది నేనే. సరిగ్గా పదకొండింటికి మొదలుపెట్టాం. కింద టైల్సు కోసే మిషను గీపెడుతోంది. కిటికీలోంచి ఎండ బల్లల మీద పడుతోంది. భయపడాల్సిన వాతావరణం ఏమీ లేదు.

ఉట్టిలో ఎప్పుడూ ఒక తేలిక కంత ఉండేది. ఫైళ్ళు పంపుకునే ఒక పాత ప్రోగ్రాములోది. అందరం ముందు దాని మీద పడ్డాం. మూసి ఉంది. సార్‌ని అడిగితే, "నేను వదిలినానే," అని నుదురు రుద్దుకున్నారు. నేను ఇంకో దారి పట్టి, సార్ పెట్టిన పాస్‌వర్డు ఊహించి, పన్నెండుకు పది నిమిషాలుందనగా లోపలికి పోయాను. అప్పటికి ఇంకెవరూ చెయ్యెత్తలేదు.

లోపల అప్పటికే ఒక ఫైలుంది.

నాగరత్న పేరు మీద. పెట్టిన టైము పదకొండూ ఐదు. తెరిచాను. పేరు, పేరు కింద "తలుపు వేసి పోతుండా".

ఎవడో ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. ఆ గదిలో అలాంటి పనులు చేసేది నేనే, నేను చెయ్యలేదు. ఎవరు ఏ కంప్యూటరు నుంచి వచ్చారో ఉట్టి ఒక చిట్టా రాసుకుంటుంది. చూశాను. ఏడో నంబరు అని ఉంది. తల తిప్పి చూస్తే ఏడో నంబరు వైరు మానిటరు మీద చుట్టినట్టే ఉంది.

ఒకరి నంబరు ఇంకొకరు తగిలించుకుని రావచ్చు, అది మాకు నేర్పిందే. కానీ ఐదు నిమిషాల్లో అదంతా చేసి, కంత కూడా పూడ్చి పోయేంత పనితనం మాలో ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరు ఆసుపత్రిలో ఉన్నారు.

నీళ్ళు తాగే నెపంతో లేచి సార్ బల్ల దగ్గరికి పోయాను. అనుమతి కాగితం మీద ఎనిమిది సంతకాలున్నాయి. నా సంతకం కింద ఎనిమిదోది. కన్నడంలో.

సార్‌ని పిలిచాను. ఫైలు చూపించాను, చిట్టా చూపించాను, కాగితం చేతికిచ్చాను. "ఆమే ముందు సార్. నేను రెండోవాణ్ణి," అన్నాను. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఎట్లయిందో అల్లాకే తెలియాల. పేరు మాత్రం ఆ పిల్లదే పంపుతా," అన్నారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేను. అన్నాళ్ళ కుళ్ళూ ఆ చప్పట్లతో పోయింది.

ఇప్పుడొకటి ఒప్పుకోవాలి. నేను వేసిన ఒట్టు పై పేరా ఒక్కదానికి చెల్లదు. ఫైలు నిజం. చిట్టా నిజం. సంతకం నిజం. సార్‌ని పిలిచానన్నదే కల్పించాను. ఈ కథ ఎప్పుడు చెప్పినా అక్కడికొచ్చేసరికి జనం నా భుజం తట్టేవాళ్ళు, అందుకని అలాగే ఉంచేశాను.

సార్ అటు తిరిగి ఉండగా ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. తిరిగొచ్చి ఆమె ఫైలు చెరిపేశాను. చిట్టాలో ఆ వరసా చెరిపేశాను. నా పేరుతో ఫైలు పెట్టి చెయ్యెత్తాను. సార్ "భేష్" అన్నారు. బొమ్మసంద్రలో తొమ్మిదేళ్ళు చేశాను, ఆ పనే ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. పనిచేయని కంప్యూటరు నుంచి ఆ ఫైలు ఎలా వచ్చిందో మాత్రం ఈనాటికీ చెప్పలేను.

దానికంటే చెప్పలేనిది ఇంకొకటుంది. సోమవారం నాగరత్న తన పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చింది. తండ్రి ఇప్పట్లో లేవడనీ, ఆయన బదులు తాను చీరల కొట్లో చేరుతున్నాననీ సార్‌తో అంది. శనివారం పదకొండింటప్పుడు తండ్రిని ఎక్స్‌రేకు తీసుకుపోయానని కూడా అంది. ఆ ఫైలు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చూసింది నేనొక్కణ్ణే.

మెట్ల దగ్గర నా పక్కన ఆగింది.

"నీకే వచ్చినాదంట గదప్పా ఉద్యోగం. సంతోషం. మరి నా ఫైలు ఏం చేస్తివి?"

"ఏ ఫైలు?" అన్నాను.

పుస్తకాల కట్ట చంకకు మార్చుకుంది.

"సరి బిడప్పా," అని, పోనీలే అన్న మాట కన్నడంలో అనేసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.