మా జేజి ఊదుగొట్టం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి ఊదే పని నాది. మా జేజికి, అంటే నాయనమ్మకు, ఆయాసం. మా అమ్మకు చేను పని. కందికట్టె అంటుకున్నట్టే అంటుకుని పొగలు కక్కేది. ఊళ్లో అందరివీ సన్నటి రేకు గొట్టాలైతే, మాది మాత్రం మందపాటి ఇనుము, చెయ్యి నొప్పి పుట్టేంత బరువు. ఒక చివర పైన చిన్న బొడిపె ఉండేది. ఆ బొడిపె మీద వేలు పెట్టుకుని ఊదడం నాకు అలవాటు. అదెక్కడిదని నేనెప్పుడూ అడగలేదు.

మా జేజినాయన, అంటే మా నాయనను కన్న తండ్రి, వయసులో ఉన్నప్పుడు పటాలంలో తుపాకులు బాగుచేసేవాడు. ఊరికొచ్చాక నీళ్ల మోటార్లు, కుట్టుమిషన్లు బాగుచేస్తూ బతికాడు. ఉరవకొండ నుంచి కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. తుపాకి మాత్రం ఎవరు తెచ్చినా ముట్టేవాడు కాదు. అలాంటిది ఒక ఎండాకాలం, ఆయనతో పటాలంలో పనిచేసిన సుబేదారు తాత ఒక పాత సైన్యం తుపాకిని గోనెపట్టాలో చుట్టి, అనుమతి కాగితంతో సహా మా వాకిట్లో దించాడు. మాజీ సైనికుల హాల్లో, చనిపోయిన జవాన్ల ఫోటోల కింద పెట్టడానికట. పేల్చే సూది ముందే పీకేశారు. చూసేదానికి మొదట ఎట్లుండేదో అట్ల చేసియ్యమన్నాడు. మా జేజినాయన కాదనలేకపోయాడు. మా జేజి ఆ పూట కంచం ఆయన ముందుకు తోసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తుపాకి అవతారం చూస్తే నవ్వొచ్చేది. ఎన్ని చేతులు మారిందో ఏమో, ఒళ్లంతా కిటికీలకు వేసే పచ్చరంగు పూశారు. భుజానికి ఆనించే కట్టె సగానికి తెగిపోయి ఉంది. ముందు గొట్టం కూడా మూరకు కాస్త తక్కువగా ఎవరో కోసేశారు. మా జేజినాయన గాజుపెంకుతో రంగు గీకుతూ, పాత మంచం కోడును చెక్కి కట్టెకు అతుకు వేస్తూ, అరచేత్తో అవిసెనూనె రుద్దుతూ పదేళ్లు చిన్నవాడైపోయాడు. నేను పక్కనే కూర్చుని నూనె అందించేదాన్ని.

ఒకరోజు ఆయన నీళ్లు తాగడానికి లేచినప్పుడు, గొట్టంలోంచి ఆకాశం ఎంత కనబడుతుందో చూద్దామని కన్ను ఆనించాను. చెంప పగిలిపోయింది. అంతవరకూ నన్ను పల్లెత్తు మాట కూడా అనని మనిషి! ఏడవడం కూడా మర్చిపోయి నిలబడిపోయాను. ఖాళీదే కదా అని గొణిగాను.

“ఖాళీదైనా, ఇరిగిపోయిందైనా, దాని నోటికాడ మొగం పెట్టగూడదు పాపా!” అన్నాడు. తుపాకి నోటిని గోడవైపు తిప్పి పెట్టాడు.

ఆ మర్నాడు రంగు గీకుతూ గీకుతూ ఆయన ఆగిపోయాడు. పచ్చరంగు కింద, కట్టె మీద, ఎవరో పిల్లలు మేకుతో గీసిన కోడిపుంజు బొమ్మ ఉంది. దాని మీద వేళ్లు పెట్టి అలాగే కూర్చుండిపోయాడు. అన్నం చల్లారిపోయినా లేవలేదు. గొట్టం చివర గురి చూసే బొడిపె ఉండాలని ఆయన చెప్పింది నాకు గుర్తుంది. పోయిన ఆ ముక్క కోసమే దిగులు పడుతున్నాడనుకున్నాను. బొడిపె అనగానే నాకు మా వంటిల్లు మెదిలింది. పరుగెత్తుకెళ్లి ఊదుగొట్టం తెచ్చి, ఆయన్ను నవ్విద్దామని, తుపాకి కొసకు ఆనించాను.

కోత కోతకు సరిగ్గా అతికింది. వెంట్రుక దూరే సందు లేదు.

గుమ్మంలో మా జేజి చేతిలోని చేట జారి, కందులు వాకిలంతా పరుచుకున్నాయి. ఎవరూ వాటిని ఏరలేదు.

అప్పుడు చెప్పింది జేజి. జ్వరంతో పోయాడని నేను విన్న మా పెదనాయన జ్వరంతో పోలేదు. శనక్కాయ చేలో అడవిపందుల కాపలాకని, సైన్యం అమ్మేసిన పాతదాన్ని లైసెన్సు మీద కొని ఇంట్లో పెట్టుకున్న తుపాకి అదే. ఆ కోడిపుంజు పెదనాయన చిన్నప్పుడు గీసిందే. ఒక సాయంత్రం తుపాకి పేలకపోతే, ఖాళీదే కదా అని దాని నోట్లోకి తొంగిచూశాడు. మీసాలు కూడా సరిగా రాని వయసు. జేజి చెప్పిందని మా జేజినాయన దాని మూతి కోసేసి, మిగతాది స్టేషన్లో అప్పగించి వచ్చాడు. కోసిన ముక్కను ఆమె పొయ్యి దగ్గర పెట్టుకుంది.

రోజూ నా పెదాలు ఆనించింది దానికే! తొట్టి దగ్గరికి పోయి చెంబెడు నీళ్లతో నోరు పుక్కిలించి, మళ్లీ ముంచుకున్నాను. బావి అడుగంటిన ఆ ఎండల్లో, చేతులు కడిగే నీళ్లకు కూడా లెక్క చెప్పమనే మా జేజి, ఆ రోజు ఆ చెంబులు లెక్కపెట్టలేదు.

తిరిగొచ్చేసరికి మా జేజినాయన ఒక చేతిలో తుపాకి, ఒక చేతిలో ఊదుగొట్టం పట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. అతికిస్తే పని పూర్తవుతుంది, అచ్చం మొదటిలాగే అవుతుంది. ఆయన పనితనమంతా ఆ చూపులో ఉంది. ఆయన కడుపుకోత కూడా అందులోనే ఉంది.

జేజి ఆయన చేతిలోంచి ఊదుగొట్టం తీసుకుంది. “మొదట అది చేసిన పని చాలు. ఇప్పుడు చేస్తాండే పని చేసుకోనీ” అంది.

మా జేజినాయన ఉరవకొండలో లేత్ మిషన్ మీద వేరే ముక్క కడ్డీ తీయించి, పైన బొడిపె అతికించి ఇచ్చాడు. లోపల బెజ్జం లేదు, గట్టి ఇనుము. కోడిపుంజును మాత్రం గీకేయలేదు. సుబేదారు తాత దాన్ని చూసి, మా జేజినాయన ముఖం చూసి, తుపాకిని గోనెపట్టాలో చుట్టుకుని తీసుకెళ్లాడు.

ఆ సాయంత్రం పొయ్యి రాజుకోలేదు. జేజి గొట్టం నాకు అందించింది, బలవంతం చేయలేదు. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆమె ఆయాసం చూడలేక, నోటికి ఆనించి ఊదాను.

ఇప్పుడు అనంతపురంలో నా వంటింట్లో గ్యాసు పొయ్యి ఉంది. గొట్టం మేకుకు వేలాడుతూ ఉంటుంది. మొన్న మా మనవడు దాన్ని దించి, దుర్భిణిలా కంటికి పెట్టుకున్నాడు. నేనెప్పుడు లేచానో, ఎప్పుడు కొట్టానో నాకే తెలియదు. వాడు బిత్తరపోయి, చెంప పట్టుకుని, “ఖాళీదే కదా జేజీ!” అన్నాడు. నేను గొట్టం తీసుకుని, దాని నోటిని గోడవైపు తిప్పి పెట్టాను.