జీపు కింద రెండు ఇటుకలు

మొన్న ఆదివారం జీపు హ్యాండ్‌బ్రేకు బిగిద్దామని బండి కిందికి దూరాను. దూరడానికి ఎంతసేపు పట్టిందో బయటికి రావడానికి అంతకు రెట్టింపు పట్టింది. మా చిన్నాన్న మిలిటరీ వేలంలో కొన్న జీపు అది. హుస్సేనీ ఆలంలోని మా వాకిట్లో, మురుగునీటి మోరీ వైపు కాస్త వాలిన బండల మీద ఇప్పటికీ నిలబడి ఉంది. వెల్లకిలా పడుకుంటే అదే ఆయిల్ వాసన, చెంప మీద అదే చుక్క. ఒళ్ళే అది కాదు.

దాని బ్రేకు పిడి గుంజితే టక్కు టక్కుమని ఒక్కో పన్నూ దాటుతుంది. లోపలి పట్టీ అరిగేకొద్దీ ఎక్కువ పళ్ళు గుంజాలి. నేను పెద్దగా చదువుకోలేదు గానీ లెక్కపెట్టే జబ్బు చిన్నప్పటినుంచీ ఉంది. నట్టు ఎన్ని చుట్లు తిప్పాను, ఎన్నో పంటికి బండి ఆగింది, అన్నీ తేదీ వేసి సామాన్ల పెట్టె మూత లోపల పెన్సిలుతో రాసేవాణ్ణి. అప్పట్లో జీపు బరాత్‌లకు వెళ్ళేది. పెళ్ళికొడుకు ఎక్కేటప్పుడు అది అంగుళం కదిలినా నాకు తలవంపుగా ఉండేది. అందుకే ఆరో పన్ను దాటనిచ్చేవాణ్ణి కాదు.

బండి బాగుచేసేది పక్కింటి భాయ్. కంటికి ఆనని పగులును కూడా ఎడమచేతి వేళ్ళతో తడిమి పట్టేవాడు. ఒకరోజు వెనక చక్రం ఒకటి ఎత్తి గ్రీజు పెట్టాలన్నాడు.

"ముందుగాల టైర్లకు రెండు ఇటుకలు అడ్డం పెట్టు."

"ఆరు పళ్ళు గుంజిన భాయ్. ఏనుగు నూకినా కదలది."

"ఏనుగు ముచ్చట ఇడిచిపెట్టు బేటా, ఇటుకలు తే."

ఇటుకలు నీళ్ళ డ్రమ్ము కింద ఉన్నాయి. డ్రమ్ము నిండుగా ఉంది. నాకు బద్ధకమేసింది. జాకీ ఎత్తేశాను. "పెట్టినవా?" అని అవతలి నుంచి అడిగాడు. "ఆఁ" అన్నాను.

ఆ బ్రేకు చక్రాలను పట్టదు, ఇంజను నుంచి వచ్చి రెండింటినీ కలిపి తిప్పే పొడుగు కడ్డీని పడుతుంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే అది వెనక్కి తిరుగుతుంది, నేల మీది చక్రం ముందుకు దొర్లుతుంది. పళ్ళు లెక్కపెట్టిన నాకు ఆ సంగతే తెలియదు. జీపు మోరీ వైపు కదిలింది, జాకీ ఒరిగింది. చక్రం కిందికి జారిన పానా తీయబోయిన భాయ్ ఎడమచేతి వేళ్ళు రెండు నలిగాయి. అవి మళ్ళీ వంగలేదు. సన్నపని ఆయన మానేశాడు. గల్లీలో ఎవరడిగినా "జాకీ మంచిది కాదు" అనేవాడు.

మొన్న నేను బండి కింద ఉండగా భాయ్ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఎప్పటిలాగే అడిగాడు, "పెట్టినవా?"

"పెట్టిన భాయ్." నట్టు ఇంకో చుట్టు తిప్పి, "ఆ దినం పెట్టలే" అన్నాను.

"ఎరుకే. డ్రమ్ము కిందనే ఉండె, చూసిన."

"మరి చెయ్యి ఎందుకు పెట్టినవ్?"

"నీ ఆరు పళ్ళను నేను గూడ నమ్మిన గదా" అని నవ్వి, వంగి, వంగని వేళ్ళతో ఇటుకను ఇంకాస్త లోపలికి నెట్టాడు.

బయటికొచ్చి, కొత్త లెక్క రాద్దామని మూత తెరిచాను. ఆనాటి తేదీ ఇంకా చెరగలేదు. తీసివేత చేస్తే ఎన్నేళ్ళో తేలిపోయేది. చెయ్యలేదు, గడిచిపోయిన వాటికే గదా తీసివేత.