ఫుట్‌బాల్ ఆట దగ్గర దేవుడు వంచిన మోకాలు

ప్రభువునందు ప్రియులైన సహోదరీ సహోదరులారా, అమెరికాలో, టెక్సస్‌లోని ఈ ప్లేనో ఊళ్ళో, నా కూతురింట్లో, మెట్ల పక్కనున్న చిన్న గదిలో నేను దేవునితో మాట్లాడటం మానేసి కూర్చున్న రోజులున్నాయి. ఈ మాట రాయడానికి నాకు భయం లేదు, ఆయనకు తెలియనిది కాదు గనుక మీకు తెలిసినంత మాత్రాన నాకు పోయేదేమీ లేదు. నా కుడి మోకాలు అరిగిపోతే ఇక్కడి డాక్టర్లు ఆపరేషన్ చేసి కొత్త కీలు పెట్టారు, ఆపరేషన్ బాగానే జరిగింది, కుట్లు మానాయి, కానీ మోకాలు మాత్రం వంగనంటే వంగనని కర్రలా బిగుసుకుపోయింది. కుర్చీలో కూర్చుంటే కాలు బారచాపుకోవాలి, కారెక్కాలంటే నా కూతురు కరుణ రెండు చేతులతో నా కాలెత్తి లోపల పెట్టాలి. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల నా కాలిని సామాను సర్దినట్టు సర్దుతుంటే నాకెంత మంటగా ఉండేదో ఆ దేవునికే ఎరుక!

నేను మూడో తరగతి దాకా చదువుకున్నదాన్ని. కూడబలుక్కుని వాక్యం చదువుకోవడానికి ఆ చదువు చాలింది. మా అమ్మ నాకు నేర్పిన ప్రార్థన ఒకటే, నేలమీద మోకరించి చేసేది. పెళ్ళయిన కొత్తలో అలాగే చేశాను, మా ఆయన పోయిన రోజునా అలాగే చేశాను, కూర్చుని చేస్తే నాకది ప్రార్థనలా ఉండదు, పక్కింటివాళ్ళతో ముచ్చట్లు పెట్టినట్టుంటుంది. అందుకని ఒకరోజు మంచం అంచున కూర్చుని కోపంతో ఇలా అన్నాను: "ప్రభువా, నా మోకాళ్ళు నీకు అక్కర్లేదని తేల్చేశావు. అలాగైతే నా నోరూ నీకు అక్కర్లేదు. ఇక నేను మాట్లాడను, నీ ఇష్టం." అన్నాను, అన్నట్టే మానేశాను. ఆదివారం మందిరానికి వెళ్ళేదాన్ని, అందరూ కళ్ళు మూసుకుంటే నేను కళ్ళు తెరుచుకుని ఫ్యాను వైపు చూసేదాన్ని.

మోకాలు వంచడానికి ఫిజికల్ థెరపీ అని పంపించారు. అక్కడొక తెల్లపిల్ల నా కాలు పట్టుకుని వంచితే ప్రాణం జివ్వున లేచిపోయింది. నొప్పెడితే అరవండి అని సైగ చేసి చెప్పింది. నేనా, అరవడమా! పురిటి నొప్పుల్లో కూడా నోట్లో గుడ్డ కుక్కుకున్నదాన్ని, హాలు నిండా పరాయి మనుషులుంటే వాళ్ళ ముందు అరుస్తానా! పళ్ళు బిగబట్టుకుని ఇంటికొచ్చి ఇంకెప్పుడూ వెళ్ళనన్నాను. దండగ ఖర్చన్నాను. ఐసు సంచి కూడా కొననివ్వలేదు, ఫ్రీజర్లోని పచ్చిబఠాణీల ప్యాకెట్టే మోకాలి మీద పెట్టుకుని, అది మెత్తబడ్డాక ఆ బఠాణీలనే కూర వండాను. కరుణ ముట్టుకోలేదు, నేను తిన్నాను. కానీ మోకాలు వంగలేదు. చివరికి డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు, ఇంకొన్నాళ్ళు చూసి మత్తిచ్చి బలవంతంగా వంచుతాం, దానికీ లొంగకపోతే ఇక ఆ కాలు బతికినంతకాలం అంతేనని!

ఇప్పుడు నా మనవడి సంగతి చెప్పాలి, ఎందుకంటే దేవుడు నన్ను పట్టుకున్నది వాడి ద్వారానే. కరుణ కొడుకు జోయెల్ హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడతాడు. ఇక్కడి ఫుట్‌బాల్ మనమనుకునే కాలిబంతి కాదు, తలకు టోపీలు, భుజాలకు దిండ్లు కట్టుకుని బంతి చేత్తో పట్టుకుని ఒకరినొకరు ఎద్దుల్లా గుద్దుకునే ఆట. అందులో మావాడు బంతి ముట్టుకోడు. ముందు వరసలో నిలబడి, బంతి పట్టుకున్నవాడికి దెబ్బ తగలకుండా ఎదుటివాళ్ళను ఆపడం వాడి పని. మైకులో వాడి పేరు చెప్పరు. అయినా జట్టుకు వాణ్ణే కెప్టెన్‌ను చేశారు. నేను ఊరుకోలేక అడిగాను, నీ పేరే పిలవరు కదరా, నువ్వు కెప్టెనేమిట్రా అని. "అమ్మమ్మా, మా కోచ్ చెప్తాడు, కెప్టెన్ అరవకూడదు, ఫస్ట్ చెయ్యాలి. అంతే" అన్నాడు. టెక్సస్ ఎండలో మనం తలుపు తీయడానికే జంకే వేళ పిల్లలు పరుగెడుతుంటే, వీడు తన పరుగు ముగించి, వెనకబడ్డ చిన్నపిల్లల పక్కన మళ్ళీ పరుగెత్తుతాడట.

మా అల్లుడు ప్రకాశ్‌కు ఇదంతా గిట్టదు. "అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి వాడికి. కాలేజీ సీటుకు రాసే ఎస్ఏటీ పరీక్ష దగ్గర పెట్టుకుని ఈ గుద్దులాటేంటి? మన పిల్లలెవరైనా ఆడుతున్నారా?" అన్నాడు. మన మందిరంలో ఒక సహోదరి కూడా, మీవాణ్ణి స్పెల్లింగ్ పోటీకి పంపకపోయారా ఆంటీ అంది. నాకు ఒళ్ళు మండి, వాడాడే ఆట ఎలాంటిదో నేనే చూస్తానని శుక్రవారం సాయంత్రం పాత దుప్పటి మడతపెట్టుకుని, పెరుగు డబ్బాలో జంతికలు పోసుకుని బయలుదేరాను. స్టేడియంలో కింది వరసలో రేకు బల్ల మీద, కాలు చాపుకుని, కరుణ పక్కన కూర్చున్నాను.

ఆట మొదలైన దగ్గర్నుంచి మావాళ్ళు ఓడిపోతూనే ఉన్నారు. ఎదుటి పిల్లలు గోడల్లా ఉన్నారు. మావాళ్ళు తలలు వేలాడేశారు, ఒకడైతే తలమీద తువ్వాలు కప్పుకుని బెంచీ మీద కూలబడ్డాడు. ఇంతలో గుంపుగా పడ్డవాళ్ళు ఒక్కొక్కరే లేచారు, అందరికన్నా అడుగునున్నవాడు లేవలేదు. "జోయెల్!" అని కరుణ కేక పెట్టింది.

సహోదరులారా, అప్పుడు చూశాను! మైదానంలో ఉన్న పిల్లలంతా, మా జట్టూ వాళ్ళ జట్టూ, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మెక్సికో పిల్లలూ, ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరుగా మోకాలు నేలకానించారు! ఊరంతా నోరు మూసుకుంది. నా మనవడి కోసం వాడి శత్రువులు కూడా మోకరించి ప్రార్థన చేస్తుంటే, వాడి సొంత అమ్మమ్మ కాలు చాపుకుని ఒళ్ళో జంతికల డబ్బా పెట్టుకుని కూర్చుందా! ముందున్న కమ్మీ పట్టుకున్నాను. కరుణ "అమ్మా, వద్దు, అమ్మా!" అంటూనే ఉంది, నేను నా శరీరాన్నంతా ఆ కర్రకాలి మీద వదిలేశాను. లోపల ఏదో గుడ్డ చించినట్టు చిరిగి, మోకాలు వంగి నేలకానింది. ఎన్ని నెలలుగానో బిగబట్టిన కేక, ఆ నిశ్శబ్దంలో, స్టేడియం అంతా వినపడేలా బయటపడింది. "యేసయ్యా! నా మోకాలు తీసుకో, నా బిడ్డను లేపు!" అదే నేను మళ్ళీ చేసిన మొదటి ప్రార్థన.

వాడు లేచాడు. దేవునికి స్తోత్రం! ఛాతీకి దెబ్బ తగిలి కాసేపు ఊపిరి అందలేదంతే. ఇద్దరి భుజాలు పట్టుకుని వాడు నడుస్తుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు, ఎదుటి జట్టు జనం కూడా! జట్టుతో ఉండే డాక్టరమ్మ వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, కళ్ళూ ఛాతీ అన్నీ చూసి, చాలాసేపటికి గాని పంపలేదు. పంపగానే ఏ వరసలో పడ్డాడో అదే వరసలో, ఎవడు పడేశాడో వాడి ఎదురుగానే వెళ్ళి నిలబడ్డాడు. వాడు ఎవరినీ ఏమీ అనలేదు. తువ్వాలు కప్పుకున్న పిల్లవాడు తువ్వాలు తీసి అవతల పారేశాడు. వేలాడిన తలలు లేచాయి. ఆ తర్వాత మావాళ్ళు ఒక్క అంగుళం ఊరికే ఇవ్వలేదు. అయినా ఓడిపోయారు, నేను దాచను. ఓడినా ఎదుటివాళ్ళకు చేయి కలపడానికి వాడే ముందు నడిచాడు.

ఆట అయ్యాక వాడు కంచె దగ్గరికి వచ్చాడు. "అమ్మమ్మా, అమ్మ చెప్పింది, నువ్వు నీల్ చేశావట, మోకాలు వంచావట! ఆర్ యూ క్రేజీ?"

"మీరంతా ప్రార్థన చేస్తుంటే నేను చేయొద్దట్రా?"

"అది ప్రేయర్ కాదు అమ్మమ్మా! ఎవరికైనా దెబ్బ తగిలితే అందరూ అలా చేస్తారు. రెస్పెక్ట్ కోసం."

"మీరు దేనికి వంగారో నాకనవసరం. నేను దేనికి వంగానో దేవునికి తెలుసు" అన్నాను. అని, నా మనసులో ఉన్నది అడిగేశాను. "అంతమంది చూస్తుండగా కిందపడి గిలగిల్లాడావు కదరా, నీకు సిగ్గనిపించలేదా?"

వాడు నన్ను వింతగా చూశాడు. "సిగ్గెందుకు? నన్ను గట్టిగా కొట్టారు. నేను దాచుకుంటే చిన్నవాళ్ళు కూడా దాచుకుంటారు కదా. అందుకే నేను ఫస్ట్ చెప్తా, నొప్పి ఉంది అని. తర్వాత లేస్తా."

ఇంటిదాకా కారులో ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. గట్టిదనమంటే నోట్లో గుడ్డ కుక్కుకోవడమని ఇన్నేళ్ళు అనుకున్నాను. అందరి కళ్ళముందు పడి, నొప్పని చెప్పి, అందరి కళ్ళముందే లేచి నిలబడటమని నా మనవడి చేత దేవుడు నాకు చూపించాడు!

డాక్టరు నన్ను చెడామడా తిట్టాడు, అలా ఎవరైనా చేస్తారా అని. తిట్టి, మోకాలు పరీక్ష చేసి, కీలుకు ఏమీ కాలేదు, ముందుకన్నా ఎక్కువ వంగుతోంది, ఈ అవకాశం వదలకుండా వెంటనే థెరపీకి వెళ్ళమన్నాడు. వెళ్ళాను. జోయెల్ నా పక్కన నిలబడ్డాడు. ఆ పిల్ల కాలు పట్టుకోగానే నేను హాలు అదిరేలా "యేసయ్యా!" అని అరిచాను. అవతల మంచం మీద భుజం నొప్పితో కదలకుండా పడుకున్న ఒక ముసలి తెల్లాయన తలెత్తి, "టెల్ హిమ్, మేమ్! ఆయనకు గట్టిగా చెప్పు!" అన్నట్టు చేయి ఊపాడు. మరుసటి వారం ఆయన కూడా చేయెత్తుతూ తన భాషలో తాను అరుస్తున్నాడు. ఆ హాల్లో అరవని ముసలివాళ్ళు లేకుండా పోయారు! మత్తిచ్చే పని లేదని డాక్టరు కొట్టిపారేశాడు. ఈ రోజు నా మంచం పక్కన, మడిచిన దుప్పటి మీద మోకరిస్తున్నాను. నొప్పి లేదా అంటే ఉంది. ఉన్నా మోకరిస్తున్నాను.

మన సంఘంలో చదువుకున్న సహోదరుడొకాయన, "అమ్మా, లోపల అతుక్కున్న కండ విడిపోయింది, అందులో అద్భుతమేముంది?" అన్నాడు. విడిపోయిందయ్యా, నేనూ కాదనను, ఆ చప్పుడు విన్నదాన్ని నేనే! నోరు తెరవనని భీష్మించుకున్న మొండి ముసలిదాన్ని రేకు బల్ల మీద నుంచి కిందికి దించిందెవరు? అది నువ్వు చెప్పగలవా? ఇంకొకావిడ, గుద్దుకునే ఆట దగ్గర దేవుడెందుకుంటాడంది. నా బిడ్డ పడ్డచోట లేని దేవుడు నాకు వద్దమ్మా! ఆయన ఉన్నాడు, నేను చూశాను. సాతానా, నా కాలు బిగించి నా నోరు మూయించాననుకున్నావు, ఇప్పుడు కాలూ నోరూ రెండూ ఆయనవే, నీ చేతనైంది చేసుకో!

ప్రియులారా, ఇది చదువుతున్నవారిలో నొప్పిని ఎవరికీ చెప్పక, దేవునితో కూడా మాట మానేసి కూర్చున్నవారు ఉంటారు, నాకు తెలుసు, మందిరంలో కళ్ళు తెరుచుకుని ఫ్యాను వైపు చూసేవాళ్ళను నేనిప్పుడు గుర్తుపట్టగలను. మీరు ఆయనమీద కోపంగా ఉన్నారా? ఉండండి, కోపంతోనే రండి. మోకాలు ఎంత వంగితే అంతే వంచండి, వంగకపోతే కుర్చీలోంచే పిలవండి, నొప్పెడితే పక్కవాళ్ళేమనుకుంటారో చూడకుండా అరవండి, ఆయన చెవులు మూసుకునేవాడు కాడు. వచ్చే ఆదివారం నా పక్క కుర్చీ ఖాళీగా ఉంచుతాను. ముందు నేను అరుస్తాను, తర్వాత మీరు అందుకోండి. దేవునికే మహిమ! ఆమేన్.