జూమ్ లేని లెన్స్

సినిమాల వాళ్ళు వాడే ప్రైమ్ లెన్స్‌లో జూమ్ ఉండదు. ముఖం పెద్దగా కనబడాలంటే మనమే నడిచి దగ్గరికి వెళ్ళాలి. అలాంటిదాన్ని అద్దెకు తెచ్చి పెళ్ళి తీయడం వట్టి తలనొప్పి అని నాచారం ఫంక్షన్ హాల్లో నాకు మధ్యాహ్నానికే తెలిసొచ్చింది. ముందుకు వెళ్తే పంతులు కసిరాడు, వెనక్కి జరిగితే చుట్టాలు అడ్డం నిలబడ్డారు. ఉప్పల్‌లో నా స్టూడియో బీరువాలో హాయిగా పడుకున్న పాత జూమ్ లెన్స్ గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పగింతలు మొదలయ్యాయి. ఇన్నేళ్ళుగా పెళ్ళికూతుళ్ళ తండ్రుల ఏడుపును హాలు చివర నిలబడి, జూమ్ తిప్పి దగ్గరికి లాగినవాణ్ణి. ఆ రోజు అలా కుదరలేదు. కెమెరా భుజాన పెట్టుకుని, పెళ్ళికూతురి తండ్రి ఊపిరి వినబడేంత దగ్గరికి వెళ్ళాను. కూతురి చేతిని అల్లుడి చేతిలో పెడుతుంటే ఆయన పెదవి వణికింది, కళ్ళు నిండాయి. సరిగ్గా నాకు కావలసిన షాట్.

అంతలో ఆయన తలెత్తి నన్ను చూశాడు. కండువాతో ముఖం తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పొద్దుగాల సంది నిలబడే ఉన్నవ్. తిన్నవా తమ్మీ?"

లేదన్నట్టు తల ఊపాను.

"ఈ తమ్మికి జర అన్నం పెట్టున్రి!" అని ఆయన ఏడుస్తూనే కేకేశాడు.

తర్వాత స్టూడియోలో వేసి చూస్తే ఆ షాట్ అంతా ఊగుతోంది, కెమెరా పట్టుకోవడం అప్పుడే నేర్చుకుంటున్నవాడు తీసినట్టు.