జైనూరు దవాఖానకు వచ్చిన గాజులామె

మొన్న మా మనవరాలి కాన్పుకని కరీంనగర్ ఆస్పత్రిలో కూర్చున్నాను. పక్క మంచం మీద ఇటుక బట్టీ పనికి ఒడిశా నుంచి వచ్చిన నిండు చూలాలు, తెలుగు ఒక్క ముక్క రాదు. నర్సు ఫోను ఆమె నోటి దగ్గర పెట్టింది, ఆ పిల్ల ఏదో అంది, ఫోను దాన్ని తెలుగులో చెప్పేసింది. "హమ్మయ్య" అని పైకే అనేశాను. మా మనవరాలు నవ్వింది గాని, ఆ హమ్మయ్య ఎంత పాతదో దానికేం తెలుసు!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నర్సు పని నేర్చుకుని నేను మొదట చేరింది జైనూరు దవాఖానలో. చుట్టూ గోండు గూడేలు, మాకేమో గోండి రాదు. డాక్టరుగారు కోస్తావారు, ఆయన తెలుగే మావాళ్లకు సగం అర్థమయ్యేది కాదు. గోండి తెలిసినవాళ్లు లేకపోలేదు, అడవి గార్డుకు వచ్చు, బడి పంతులుకూ వచ్చు, కానీ ఆడవాళ్ల ఒంటి సంగతులు అడగడానికి వాళ్లెలా పనికొస్తారు?

ఒక వానాకాలం, సంత రోజున, నొప్పులు వచ్చి ఆగిపోయిన ఒకామెను బండిలో తెచ్చారు. బిడ్డ గుండె కొట్టుకుంటూనే ఉంది, కానీ ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో, ముందటి కాన్పు ఎలా అయిందో తెలిస్తేనే గాని, ఇక్కడే ఉంచాలో, పొంగుతున్న వాగు దాటించి ఆసిఫాబాదు పంపాలో డాక్టరుగారు తేల్చుకోలేరు. వెంట వచ్చినతనికి తెలుగు బాగా రావడంతో మాకు దేవుడు దొరికినట్టయింది. తీరా అతను అడిగినప్పుడల్లా ఆమె కొంగు కప్పుకుని గోడవైపు తిరిగిపోయేది. స్పృహ తప్పుతోందేమోనని భయపడి డాక్టరుగారు బండి కట్టమన్నారు. నాకెందుకో మా నాయన అన్న, పెద్దబాపు, ఎదురైతే పక్కకు తప్పుకునే మా అమ్మ గుర్తొచ్చింది.

"నువ్వు ఈమెకు ఏమైతవే అన్నా?"

"మా తమ్ముని పెండ్లామమ్మా" అన్నాడు.

బావ ముందు మరదలు నోరు విప్పుతుందా! ఆమె నోటికి మేమే తాళం వేశాం. బండి ఆపమని చెప్పి సంతకు పరుగెత్తాను. గూడేలన్నీ తిరిగి గాజులు తొడిగే, గోండి బాగా వచ్చిన ఒకామె అక్కడ గాజుల మలారం విప్పుకుని కూర్చుంది. సంత నడిమధ్యల లేపుతవా అని ముందు కసిరింది గాని, సంగతి వినగానే గాజులు మూటగట్టుకుని నాకంటే ముందు నడిచింది.

"మగోళ్లందరు జర బయటికి నడువుండ్రి" అంటూ డాక్టరుగారిని కూడా తెర అవతలికి పంపేసింది. ఆ చూలాలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క గాజే తొడుగుతూ, గోండిలో మెల్లగా ఏవో ముచ్చట్లు పెట్టింది. గాజు ఎక్కడానికి చెయ్యి వదులు చేసిన మనిషి కాసేపటికి నోరు కూడా వదులు చేసింది.

"నీళ్లు ఇయ్యాల పొద్దుగాలనే పోయినయట, మొదటి కాన్పు తేలికనే అయ్యిందట. ఫికర్ చెయ్యకుండ్రి సారూ!"

తెర అవతల డాక్టరుగారు ఊపిరి వదలడం నాకు వినిపించింది. వాగు దాటే గండం తప్పింది. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల కేరుమంది. నేను ఏడ్చేశాను. ఆ గాజులామె మాత్రం సంతంతా పాడైందని నన్ను తిట్టుకుంటూనే వెళ్లింది.

ఇప్పుడు మాట కోసం ఎవరూ సంతలో పరుగెత్తనక్కర్లేదు. ఎంత నిశ్చింత! కానీ జవాబు రాగానే నర్సు ఫోను జేబులో వేసుకుని ఇంకో మంచానికి వెళ్లిపోయింది, ఆ ఒడిశా పిల్ల చెయ్యి దుప్పటి మీద అలాగే ఉండిపోయింది. ఆమె భాష నాకు రాదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ చేతి గాజులు అటూ ఇటూ సర్దుతూ కూర్చున్నాను.