పాట ఆగే చోటు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే బస్సులో, నా ఒళ్ళోని గిటార్ చూసి పక్కసీటు అవ్వ అడిగింది.

"అత్వెల్లి కోళ్ళ షెడ్డుల మోగిచ్చేది మీరేనా బిడ్డా?"

తిట్లకు సిద్ధపడి అవునన్నాను. అప్పటికి మా రాక్ బ్యాండులో నలుగురం, ఉన్నది ఒక్కటే సొంత పాట. ప్రతి ఆదివారం అది సగంలో చెడేది, ఆపైన తగవులు. ఆ వారమైతే డ్రమ్ములు వాయించేవాడు మానేస్తానన్నాడు.

"మా చేను పక్కనే. మంచిగ ఊపుమీదుంటరు, గిక్కడ ఆపుతరు."

ముందుసీటు కడ్డీ మీద మా దరువే వేసి, సరిగ్గా మేము తప్పే చోట చెయ్యి గాలిలో నిలిపింది.

"మీరు ఆపేదాంక మా బర్రె పాలియ్యదు. ఇగ అటెంక ఏముంటది?"

"మాకే తెల్వదవ్వా."

ఆమె నవ్వలేదు. తన స్టాపు రాగానే దిగిపోయింది.

ఇప్పుడు మాకు చాలా పాటలున్నాయి, జనం టికెట్ కొని వస్తున్నారు. ఆ మొదటి పాటను మాత్రం అక్కడ కావాలనే ఆపుతాం. హాలంతా కేకలు పెడుతుంది. నేను చెయ్యి గాలిలో ఉంచి, ఆ అవ్వ అడిగింది ముందుకు సాగమనా, ఆపి పుణ్యం కట్టుకోమనా అని ప్రతిసారీ తికమకపడతాను. ఆ తర్వాతే తీగ మీటుతాను.