తండ్రి ఉన్న కొడుకు

మా మామగారికి ఎనభై దాటి చాలా కాలమైంది. కళ్ళకి అద్దాలు, మోకాళ్ళకి నూనె, పొద్దున్నే బిళ్ళలు. అయినా ఆయన ఇప్పటికీ తండ్రి ఉన్న కొడుకే. మహాలయ అమావాస్యనాడు పంతులుగారికి బియ్యం, పప్పు, కంద, అరటికాయలు ఇచ్చి పెద్దల పేర్లు చెప్పేటప్పుడు ఆయన తన తాత పేరుతో మొదలుపెడతారు. తండ్రి పేరు చెప్పరు. బతికున్నవాళ్ళ పేరు అక్కడ చెప్పకూడదు కదా.

ఆ తండ్రి మలయా రబ్బరు తోటల్లో పనికి వెళ్ళిన మనిషి. ఆ రోజుల్లో మా వైపు పల్లెల నుంచి బర్మాకో మలయాకో ఓడ ఎక్కినవాళ్ళు చాలామందే. భార్యకి నెలలు నిండుతుంటే కాన్పుకని ఆమెను పుట్టింటికి పంపించి, తను తోటలోనే ఉండిపోయాడు. మామగారు ఇక్కడ పుట్టారు. అంతలో యుద్ధం వచ్చింది. జపాను సైన్యం మలయాని ఆక్రమించింది. తోటల్లో కూలీలను ఇప్పుడు థాయ్‌లాండ్ అంటున్న సయాం అడవుల్లో రైలు దారి వెయ్యడానికి పట్టుకుపోయింది. యుద్ధం అయ్యాక అదే తోట నుంచి తిరిగొచ్చిన పక్క ఊరి మనిషి మా అరుగు మీద కూర్చుని ఇంతే చెప్పాడట: "లారీ ఎక్కించడం సూసాను. దిగడం సూడనేదు."

ఆ మాట పట్టుకుని మామగారి తల్లి బతికినంతకాలం పసుపు రాసుకుంది, బొట్టు పెట్టుకుంది. నేను కోడలిగా వచ్చేనాటికి ఆవిడ నడుం వంగిపోయింది గానీ బొట్టు మాత్రం రూపాయి బిళ్ళంత ఉండేది. పేరంటాల్లో కొందరు ఆవిడకి తాంబూలం ఇవ్వడానికి తటపటాయించేవారు. ఒకసారి నూతి దగ్గర పొరుగింటామె దెప్పడం నాకింకా గుర్తు.

"ఏటే, నీ మొగుడు ఈ ఏడైనా ఉత్తరం రాసాడేటి?"

"నీ మొగుడు పక్క వీధిలో పేకాడతన్నాడు. ఆడు నీకెప్పుడైనా రాసాడేటి? రాయకపోతే సచ్చిపోనట్టేనా?" అంది ముసలావిడ, చేద లాగుతూనే.

పొరుగింటామె కూడా నవ్వేసింది. ముసలావిడ పోయినప్పుడు పసుపు కుంకాలతోనే సాగనంపాం. ఊళ్ళో ఎవరూ కాదనలేదు. దానికి వాళ్ళకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

నిరుడు భాద్రపదంలో, అమావాస్య ఇంకా కొద్దిరోజులుందనగా, ఒక అమ్మాయి రాజాంలో బస్సు దిగి ఆటోలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మలయాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. వాళ్ళ ముత్తాత కూడా ఆ రైలు దారికి వెళ్ళి తిరిగి రానివాడే. అలాంటి కుటుంబాలవాళ్ళు అక్కడ కొందరు కలిశారట. పోయినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కించాలనీ, జపాను ప్రభుత్వం తప్పు ఒప్పుకుని పరిహారం ఇవ్వాలనీ అడుగుతున్నారట. అక్కడ చనిపోయిన తెల్ల సిపాయిలకు సమాధులున్నాయి, వాటి మీద పేర్లున్నాయి. మన కూలీలు ఎక్కడ పడిపోతే అక్కడే మట్టి.

"కూకోయే, కూకో," అన్నారు మామగారు. "నీ బాస అచ్చం మా అమ్మ బాసనాగున్నాది. మా గుంటలెవులూ ఇలాగ మాటాడరు. ఆలది టీవీ బాస."

"మా తోటలో ఇంకో తెలుగు నేదు కదా తాతా. ముత్తవ్వ ఎలాగ తెచ్చిందో అలాగే ఉంచీసినాం."

ఆయన నవ్వారు. తర్వాత అడిగారు: "ఆ రైలు దారి ఇంకా ఉన్నాదా?"

"కొంత ఉన్నాది. రైలు నడుస్తాది. ఊళ్ళు సూడ్డానికొచ్చినోళ్ళు ఎక్కి పోటోలు తీసుకుంటారు."

మామగారు కండువా తీసి ముఖం తుడుచుకున్నారు. "దాని మీద జనం కూకుంటన్నారన్నమాట," అన్నారు చివరికి.

ఆ అమ్మాయికి కావలసింది ఒకే మాట. మా నాన్న అక్కడ పని చేస్తూ చనిపోయాడని కొడుకు నోటితో చెబితే ఫోనులో రికార్డు చేసుకుంటుంది. రాతకోతలు ఎవరి దగ్గరా లేవు కాబట్టి అదే సాక్ష్యం. కన్నకొడుకులు ఇంకా బతికున్న ఇళ్ళు కూడా ఎక్కువ లేవట.

"రేపు సెప్తాను," అన్నారు మామగారు.

అప్పటినుంచి ఆయన ఒకచోట కూర్చోలేదు. పెరట్లోకి వెళ్ళారు, వీధిలోకి వచ్చారు, పొలం గట్టుదాకా వెళ్ళి ఎందుకెళ్ళారో మర్చిపోయినట్టు తిరిగొచ్చారు. కాఫీ ఇస్తే చల్లారబెట్టి అలాగే వదిలేశారు.

"సెప్పీ నాన్నా," అన్నారు మా ఆయన. "అందరికీ తెలిసిందే కదా. బతికుంటే నూరేళ్ళు దాటిపోవా?"

"దాటితే దాటుతాయి. నీకేటి అడావుడి?"

నాకూ కుదురు లేదు. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలైనా, పురాణమైనా, పెద్దలకు ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో అయినా ఇంట్లో మా అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. నీళ్ళు వదలని ప్రాణానికి దాహం తీరదని అమ్మ చెప్పేది. అడవిలో, ఆకలితో పోయిన మనిషి. ఇన్నేళ్ళుగా ఎవరూ ఒక్క దోసెడు నీళ్ళు వదలలేదు. ఆ ఆలోచన వచ్చిందంటే నాకు ముద్ద దిగదు.

ఆ సాయంత్రమే పంతులుగారింటికి వెళ్ళి అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పారు. దేహం దొరకనివాళ్ళకి మోదుగాకులతో మనిషి ఆకారం చేసి దహనం చెయ్యవచ్చు; శ్రీముఖలింగం వెళ్ళి వంశధార ఒడ్డున చేసుకుంటే మంచిది. కానీ పోయాడని కొడుకు ఒప్పుకుని కూర్చోవాలి. "ఇంకో సంగతమ్మా. రేపు మీ మామగారు కాలం చేస్తే ఆయన పిండాన్ని తండ్రి పిండంతో కలపాలి. ఆ తండ్రికి కర్మే జరగకపోతే దేనితో కలపమంటావు?"

ఇంటికొచ్చి అంతా చెప్పాను. మామగారు శ్రద్ధగా విన్నారు.

"అయితే మా అయ్య సచ్చిపోనాడని నా నోటితో నాను అనాలి."

"అవును మావా."

"మా అమ్మ అననేదు. నాను అనాలి. పట్టుకుపోనోడు మాత్రం ఏటీ అనక్కర్నేదు. అమ్మీ, మన ఎద్దుని ఎవడో తోలుకుపోయి తిరిగి తేనేదనుకో. ఎద్దు సచ్చిపోనాదని ఆడొచ్చి మనకి సెప్పాలా, మనమెళ్ళి ఆడికి సెప్పాలా?"

దాహం మాట ఎత్తబోయి ఊరుకున్నాను. ఆయనకి తెలియకనా?

మర్నాడు ఆయన ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. అమ్మాయి ఫోను ఎదురుగా పట్టుకుంది. ఊరు చెప్పారు, తండ్రి పేరు చెప్పారు. తండ్రి పేరు ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

"పట్టుకుపోనారు. తిరిగి ఇవ్వనేదు," అన్నారు.

"ఎలాగ పోనాడు తాతా?"

"అది ఆలు సెప్పాలి. ఎక్కడుంచారో, ఏటి పెట్టారో, ఎక్కడ పాతిపెట్టారో, ఆల్లో ఎవులో ఒకలొచ్చి ఈ అరుగు మీద కూకుని సెప్తే మర్నాడే ఏటికెల్లి సెయ్యవలసింది సేస్తాను. డబ్బులు ఆల ఇష్టం. అంతవరకూ మా అయ్య ఆల కాడే ఉన్నాడు."

అమ్మాయి ఫోను దించింది. "సచ్చిపోనాడని నేకపోతే రాయి మీద పేరు ఎక్కిస్తారో నేదో తాతా. అడుగుతాను గానీ మాటివ్వనేను."

"బతికున్నోడికి రాయెందుకులే," అన్నారు మామగారు.

ఆ పిల్ల తల వంచుకుని, "మా ఇంట్లో పోనాడని బేగి సెప్పీసినాం," అంది.

అమ్మాయి ఆటో మలుపు తిరగ్గానే ఆయన కొడుకు వైపు తిరిగారు. "నాను పోనాక మా అయ్య సచ్చిపోనాడని నువ్వు సెప్పీకు. నన్ను మా తాతతో కలిపీ. నడిమోడు బతికుంటే దాటీసి కలుపుతారు."

"నీ పంతం నా నెత్తిన ఎట్టీకు నాన్నా," అని మా ఆయన పొలంలో మోటారు వెయ్యాలంటూ వెళ్ళిపోయారు.

అది మొదలు రోజూ అదే మాట. ఆయన మాట అడగడం, ఈయన తప్పించుకోవడం. ఒకరోజు అన్నం దగ్గర మామగారు నన్నడిగారు. పంతులుగారికి పెద్దల పేర్లు వెనక నుంచి అందించేది నేనే. మా ఆయనకి తాత ముత్తాతల పేర్లు ఏనాడూ గుర్తుండవు.

"మా అయ్య పేరు నువ్వందించకు అమ్మీ. నువ్వందించకపోతే ఆడు సెప్పనేడు."

మజ్జిగ గిన్నె చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నేను కోరుకున్నది ఆ కర్మ జరగాలనే. అడవిలో ఉన్నాయనకి నీళ్ళు అందాలనే. అయినా నా నోటి వెంట "అందించను మావా" అనే వచ్చింది. ఆయన మజ్జిగ పోయించుకుని కడుపునిండా తిన్నారు. ఆ రోజు నుంచి నిద్ర పడుతోందన్నారు కూడా.

నాకే పట్టడం లేదు. దీపం దగ్గర కూర్చుని దేవుడిచ్చినవన్నీ తలుచుకుందామంటే సగంలో మాట ఆగిపోతుంది. మాట నిలబెట్టుకుంటే ఆ దాహం అలాగే ఉండిపోతుంది, తప్పాలనుకుంటే మామగారి ముఖం ఎలా చూడను? అమావాస్య వెళ్ళింది, మళ్ళీ దగ్గరపడుతోంది. మామగారికి ఆయాసం మొదలైంది. నేను పెరట్లోకి వెళ్ళి ఆ అమ్మాయికి ఫోను చేస్తుంటాను, జపాను నుంచి ఎవరైనా బయలుదేరారా అని.

"ఇంకా నేదత్తా," అంటుంది. "అడుగుతన్నాం."

ఎవులే అది అని మామగారు లోపల్నుంచి అడుగుతారు. ఆ పిల్లే మావా, మీరెలా ఉన్నారని అడిగింది, అంటాను.